12 వోల్టుల కెమెరా, 24 వోల్టుల బ్యాటరీ

(మోటోక్రాస్ సినిమాల చిత్రీకరణపై, ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం మనం చూడబోయే సినిమా పేరు 'ఆన్ ఎనీ సండే'. 1971లో అమెరికాలో విడుదలైన డాక్యుమెంటరీ. గంటన్నర సేపు తెర మీద మోటార్‌సైకిళ్లు, మట్టి, మనుషులు. దీనికి ముందు కాసేపు మాట్లాడమని నిర్వాహకులు అడగగానే ఒప్పుకున్నాను. సినిమాలో ఏముందో మరికాసేపట్లో మీరే చూస్తారు. దాన్ని ఎలా తీశారన్నది మాత్రం తెర మీద కనిపించదు. ఆ కనిపించని భాగం మీద నాకు చాలా ఏళ్లుగా మమకారం.

మోటోక్రాస్ తెలియనివారి కోసం రెండు మాటలు. తారురోడ్డు లేని చోట, మట్టి గుట్టలూ గుంతలూ ఇసుకా బురదా ఉన్న చుట్టుదారిలో పెట్టే మోటార్‌సైకిల్ పందెం ఇది. బండి తేలికగా ఉంటుంది. టైర్లకు పెద్ద పెద్ద గుబ్బలుంటాయి. నడిపేవాడు సీటు మీద కూర్చునేది తక్కువ. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లతో బండిని అదిమి పట్టి, ఒంటినే స్ప్రింగులా వాడుకుంటాడు. గుట్ట అంచు దాటి గాలిలోకి లేచిన తరువాత కూడా అతని పని ఆగదు. గాలిలో ఉండగా యాక్సిలరేటర్ తిప్పితే వెనుక చక్రం జోరు పెరిగి బండి ముక్కు పైకి లేస్తుంది. వెనుక బ్రేకు తొక్కితే ముక్కు కిందికి వాలుతుంది. బండి నేలకు దిగే లోపు, రెప్పపాటు కాలంలో, అతను ఈ సర్దుబాట్లన్నీ చేస్తాడు. గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు అది కనిపించదు. బండి లేచింది, దిగింది, అంతే తెలుస్తుంది.

కాబట్టి కెమెరా పట్టుకున్నవాడికి మొదటి చిక్కు అక్కడే. అసలు విద్య అంతా కంటికి అందని వేగంలో జరిగిపోతుంది. రెండో చిక్కు దుమ్ము. పందెంలో ముందున్న బండి ఒక్కటే శుభ్రంగా కనిపిస్తుంది, మిగిలినవన్నీ ఎర్రటి మేఘంలో ఉంటాయి. మూడోది అదురు. బండి మీద కట్టిన కెమెరా ఇంజను అదురుకు వణికిపోయి, బొమ్మంతా నీళ్లలో నీడలా కదిలిపోతుంది.

ఈ మూడో చిక్కు నాకు పుస్తకాల్లో పరిచయమైనది కాదు. సహాయ కెమెరామన్‌గా పనిచేస్తున్న రోజుల్లో, అనంతపురం దగ్గర ఒక ఎర్రనేల మైదానంలో, బండి హ్యాండిల్‌కు కెమెరా బిగించి ఒక ఛేజింగ్ సన్నివేశం తీశాం. ఇనుప పట్టీలు వేసి, బోల్టులు బిగించి, ఎంత గట్టిగా పడితే అంత మంచిదనుకున్నాం. రష్, అంటే కడిగి వచ్చిన ఫిల్మ్, చూస్తే ఒక్క అడుగు కూడా పనికి రాలేదు. మర్నాడు ఉదయం, బండ్లకు పంక్చర్లు వేయడానికి వచ్చిన మెకానిక్ మా తంటాలు చూసి, "అంత గట్టిగా బిగిస్తే వణకక ఏం చేస్తుంది సార్" అన్నాడు. పాత ట్యూబు కోసి, ఇనుముకూ కెమెరాకూ మధ్య నాలుగు మడతలు పెట్టాడు. ఆ రోజు తీసిన షాట్లు సినిమాలో ఉన్నాయి. సినిమా తీయడం మాకు తెలుసు, బండి స్వభావం అతనికి తెలుసు. అప్పటి నుంచి ఇలాంటి సినిమా ఏది చూసినా ఒక్కటే వెతుకుతాను: ఇక్కడ ఆ ట్యూబు ముక్క కోసినవాడు ఎవరు?

ఇప్పుడు బ్రూస్ బ్రౌన్ దగ్గరికి వద్దాం. ఈ రోజు మనం చూసే సినిమా అతనిది. కాలిఫోర్నియా మనిషి, సర్ఫింగ్ అంటే ప్రాణం. సముద్రపు అలల మీద పలకతో తేలియాడే ఆటగాళ్లతో ప్రపంచమంతా తిరిగి తీసిన సినిమా 1966లో దేశమంతటా ఆడింది. ఆ తరువాత అతనికి మోటార్‌సైకిళ్ల పిచ్చి పట్టింది. పందేలకు వెళ్లాడు, అక్కడి మనుషులతో కలిసిపోయాడు. బయటి జనం దృష్టిలో అప్పట్లో మోటార్‌సైకిల్ నడిపేవాడంటే తోలుకోటు వేసుకున్న రౌడీ. హాలీవుడ్ కూడా అదే బొమ్మను పదేపదే చూపించేది. బ్రౌన్‌కు తారసపడింది మరో రకం మనుషులు: ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని, వ్యానులో బండి ఎక్కించుకుని మైదానానికి వచ్చేవాళ్లు. వాళ్ల మీద సినిమా తీయాలనుకున్నాడు.

డబ్బు కావాలి. స్టీవ్ మెక్వీన్ దగ్గరికి వెళ్లాడు. అప్పటికి మెక్వీన్ ప్రపంచంలోనే పెద్ద తారల్లో ఒకడు. స్వయంగా ఎడారి పందేల్లో బండి నడిపేవాడు. బ్రౌన్ చెప్పిన ఆలోచన అతనికి నచ్చింది. ఇందులో నేను ఏం చేయాలని అడిగాడు. డబ్బు పెట్టాలన్నాడు బ్రౌన్. నేను సినిమాల్లో నటిస్తాను గానీ వాటికి పెట్టుబడి పెట్టను అన్నాడు మెక్వీన్. అయితే నువ్వు ఈ సినిమాలో ఉండవు అని బ్రౌన్ సరదాగా అనేసి వచ్చాడు. మర్నాడే మెక్వీన్ నుంచి ఫోను: పని మొదలుపెట్టు, డబ్బు నేను పెడతాను. అతని సొంత సంస్థ సోలార్ ప్రొడక్షన్స్ ద్వారా సినిమా మొదలైంది. మొత్తం ఖర్చు 3,13,000 డాలర్లు. ఒక పెద్ద తారను పెట్టి తీసే హాలీవుడ్ చిత్రంతో పోలిస్తే ఇది చాలా చిన్న మొత్తం.

ఆ చిన్న మొత్తంలోంచే నాకు అత్యంత ఇష్టమైన ఉపాయం పుట్టింది.

ఇందాక చెప్పాను, గాలిలో జరిగే విద్య కంటికి అందదని. దాన్ని అందించాలంటే స్లో మోషన్ కావాలి. స్లో మోషన్ అంటే కెమెరాలో ఫిల్మ్ వేగంగా పరిగెత్తాలి. మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు. అంతకు రెట్టింపు, మూడు రెట్లు ఫ్రేములు తీసి, థియేటర్లో మళ్లీ 24 చొప్పునే నడిపితే కదలిక నెమ్మదిస్తుంది. అలా తీయగల ప్రత్యేకమైన కెమెరాలు అప్పటికే ఉన్నాయి, కానీ బ్రౌన్ బడ్జెట్‌కు అందవు. అతని దగ్గర ఉన్నవి 12 వోల్టుల మోటారుతో నడిచే మామూలు కెమెరాలు. వాటికి 24 వోల్టుల బ్యాటరీలు తగిలించాడు. మోటారు రెట్టించిన జోరుతో తిరిగింది. ఫిల్మ్ బుర్రుమంటూ పరిగెత్తింది. ఖరీదైన కెమెరా లేకుండానే స్లో మోషన్ వచ్చేసింది.

ఇది వినడానికి తేలిక. కెమెరా పని చేసినవాళ్లు మాత్రం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి వినాలి. ఆ మోటారు దానికోసం తయారైంది కాదు. ఎప్పుడు కాలిపోతుందో, ఎక్కడ ఫిల్మ్ చిక్కుకుని తెగుతుందో తెలియదు. వేగం పెరిగితే ఒక్కో ఫ్రేముకు అందే వెలుతురు తగ్గుతుంది, కాబట్టి లెన్స్ ద్వారం మరింత తెరవాలి, తెరిస్తే ఫోకస్ ఉండే మేర కుంచించుకుపోతుంది, ఎదురుగా చూస్తే మనిషి గాలిలో ఎగిరి వస్తున్నాడు. ఇన్ని లెక్కలు ఒక్క క్షణంలో తేల్చుకోవాలి. మరి దానికి ఫలితం ఏమిటంటే, ఆ సినిమా చూసినవాళ్లు జీవితంలో మొదటిసారి, గాలిలో తేలుతున్న బండి మీద మనిషి ఏం చేస్తాడో చూశారు. వెనుక చక్రం నేలను తాకే ముందు అతని మోకాళ్లు వంగడం, స్ప్రింగులు పూర్తిగా అణగడం, మట్టి పెళ్లలు ఒక్కొక్కటిగా లేవడం. రౌడీ అనుకున్నవాడు ఒక నర్తకుడిలా కనిపించాడు. ఆ మార్పు తెచ్చింది ఒక బ్యాటరీ.

హెల్మెట్ మీద కెమెరా పెట్టి కూడా తీశారు. ఇప్పుడు మీ పిల్లలు సైకిలు తొక్కేటప్పుడు అగ్గిపెట్టెంత కెమెరాను నుదుటి మీద తగిలించుకుంటున్నారు. అది ఫిల్మ్ కెమెరా కాలం. లెన్సు, మోటారు, ఫిల్మ్ చుట్ట కలిసి బరువైన వస్తువు. దాన్ని నెత్తిన పెట్టుకుని గుంతల్లో బండి నడపాలి. ప్రతి గుంతలోనూ ఆ బరువంతా మెడ మీద పడుతుంది. ఈ పని జీతానికి కుదిరిన నటుడు చేయలేడు. బండి మీద పుట్టి పెరిగినవాడే చేయగలడు.

సినిమాకు ముగ్గురు మనుషులు ఆయువుపట్టు. మెక్వీన్ ఒకరు. రెండోవాడు మాల్కమ్ స్మిత్. ఎలాంటి నేల మీదైనా నవ్వుతూ బండి నడిపే మనిషి. స్పెయిన్‌లోని ఎల్ ఎస్కోరియల్‌లో 1970లో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో అతన్ని చిత్రీకరించారు. ఆ పోటీ నియమం కఠినమైనది. బండి చెడిపోతే నడిపేవాడే బాగు చేసుకోవాలి, బయటివాళ్లు చెయ్యి వేయకూడదు. కెమెరా పట్టుకున్నవాడి స్థితి ఊహించండి. స్నేహితుడు ఎదురుగా తంటాలు పడుతుంటే స్పానరు అందించడానికి కూడా వీల్లేదు. తీస్తూ నిలబడాలి. డాక్యుమెంటరీ తీసేవాడి నిగ్రహం ఎలాంటిదో ఈ ఒక్క సంగతి చెబుతుంది. స్మిత్ ఈ ఆరు రోజుల పోటీల్లో మొత్తం ఎనిమిది బంగారు పతకాలు గెలిచాడు.

మూడోవాడు మెర్ట్ లావిల్. ఇతనిది మోటోక్రాస్ కాదు, చదునైన మట్టి ట్రాకు పందెం. 1969లో జాతీయ విజేత. బండి మీద 1 అంకె వేసుకునే హక్కు అతనిది. బ్రౌన్ ఆ విజేత వెంట ఏడాదంతా కెమెరాతో తిరగాలని పూనుకున్నాడు. తీరా 1970లో యంత్రాలు మొరాయించాయి, అదృష్టం కలిసి రాలేదు, ఆ అంకె జీన్ రొమెరో చేతికి వెళ్లిపోయింది. కథ రాసుకుని తీసే దర్శకుడికి ఇది పెద్ద దెబ్బ. బ్రౌన్ ఓటమిని దాచలేదు, కుదించలేదు. ఒంటరిగా ఊరి నుంచి ఊరికి వ్యాను నడుపుకుంటూ వెళ్లే మనిషిని, రాత్రిళ్లు ఇంజను విప్పి సర్దుకునే మనిషిని చూపించాడు. నా దృష్టిలో సినిమాకు గుండె అక్కడే ఉంది. ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ లావిల్ తరువాతి కాలంలో, చెయ్యి కోల్పోయినవాళ్లు హ్యాండిల్ పట్టుకుని మళ్లీ బండి నడిపేందుకు వీలయ్యే కృత్రిమ హస్తాన్ని తయారు చేశాడు. ఇంజను విప్పి కూర్చున్న ఆ చేతుల్ని తెర మీద చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మెక్వీన్ గురించి ఒక ముచ్చట. పందేల్లో అతను హార్వీ మష్‌మన్ అనే మారుపేరుతో పాల్గొనేవాడు. తార వచ్చాడని జనం మూగకుండా, తోటి పోటీదారుల్లో ఒకడిగా ఉండాలని. 1970లో లేక్ ఎల్సినోర్ పందెంలో అతని పాదం ఎముక విరిగింది. రెండు వారాలు తిరగకుండానే, కాలికి కట్టుతోనే, ఫ్లోరిడాలోని సెబ్రింగ్‌లో 12 గంటల కారు పందెంలో పాల్గొని, పీటర్ రెవ్సన్‌తో కలిసి రెండో స్థానంలో నిలిచాడు. కెమెరా ముందు ధైర్యం నటించే మనుషులు చాలామంది ఉంటారు. అతనికి కెమెరా లేని చోట కూడా ఆ ధైర్యం ఉంది. కాబట్టే అతను ఇంకొకరి ధైర్యాన్ని తనదిగా చెప్పుకోలేదు. ఆ సంగతి చెప్పడానికి ఎనిమిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

'ది గ్రేట్ ఎస్కేప్' మీలో చాలామంది చూసే ఉంటారు. 1963 సినిమా, జాన్ స్టర్జెస్ దర్శకుడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చెర నుంచి తప్పించుకున్న మెక్వీన్ మోటార్‌సైకిల్ మీద పచ్చిక బయళ్ల గుండా పారిపోతూ, ముళ్లకంచె మీదుగా దూకుతాడు. జర్మనీలో, బవేరియాలోని ఫ్యూసెన్ పరిసరాల్లో తీశారు. సినిమా చరిత్రలో మోటార్‌సైకిల్ అనగానే గుర్తొచ్చే మొదటి దూకు అది.

ఆ దూకింది మెక్వీన్ కాదు. బడ్ ఎకిన్స్. మన సినిమా భాషలో చెప్పాలంటే డూప్. కానీ ఆ మాట ఇక్కడ చిన్నదైపోతుంది. ఎకిన్స్ వృత్తిరీత్యా స్టంట్ మనిషి కాదు. లాస్ ఏంజిల్స్ ప్రాంతంలో మోటార్‌సైకిళ్లు అమ్మే దుకాణం నడిపేవాడు. ఎడారి పందేల్లో, మోటోక్రాస్‌లో పేరు మోసినవాడు. 1955లో కేటలీనా దీవి పందెం గెలిచాడు. మెక్వీన్‌కు మట్టిలో బండి నడపడంలో మెళకువలు నేర్పిన స్నేహితుడు. అతన్ని జర్మనీకి పిలిపించుకున్నది మెక్వీనే.

తెర మీద అది జర్మన్ సైన్యపు బీఎండబ్ల్యూ బండి. నిజానికి ట్రయంఫ్ టీఆర్6 ట్రోఫీ. ఎకిన్స్‌కు, మెక్వీన్‌కు చేతికి అలవాటైన ఇంగ్లండు బండి. దానికే సైనిక రంగు వేసి, సామాను తగిలించి జర్మన్ బండిలా మార్చారు. యుద్ధకాలపు అసలు బండి బరువుకు ఆ దూకు సాధ్యం కాదు. చరిత్ర తెలిసినవాళ్లు దీన్ని పొరపాటని వేలెత్తి చూపుతారు. నాకు మాత్రం ఇది బండి తెలిసినవాళ్లు తీసుకున్న సరైన నిర్ణయం. కింద పడితే పోయేది చరిత్ర కాదు, మనిషి.

బీమా కారణంగా మెక్వీన్‌ను దూకనివ్వలేదు. ఎకిన్స్ దూకాడు. ఎత్తు సుమారు 12 అడుగులు, దూరం సుమారు 65 అడుగులు అంటారు. అప్పటి షాక్ అబ్జార్బర్లు ఇప్పటి మోటోక్రాస్ బండ్లవి కావు, కొద్ది అంగుళాలు మాత్రమే అణిగేవి. దిగేది పచ్చిక నేల మీద. ఒకే టేక్. షాట్ ఓకే అయింది. అతనికి ముట్టింది వెయ్యి డాలర్లని చెబుతారు.

ఈ చిత్రీకరణలో ఇంకో విచిత్రం. వెంటాడే జర్మన్ సైనికులుగా పెట్టిన మనుషులు మెక్వీన్ వేగాన్ని అందుకోలేకపోయారు. దాంతో మెక్వీనే జర్మన్ యూనిఫాం వేసుకుని కొన్ని షాట్లలో నడిపాడు. ఎడిటింగ్ అయ్యాక చూస్తే, అతన్ని అతనే తరుముతున్నాడు.

సినిమా విడుదలయ్యాక ప్రపంచమంతా ఆ దూకును మెక్వీన్‌దే అనుకుంది. ఊరుకుంటే అతనికి పోయేదేమీ లేదు, పేరు ఇంకా పెరిగేది. కానీ జానీ కార్సన్ టెలివిజన్ కార్యక్రమంలో ఆ ప్రస్తావన వచ్చినప్పుడు, అది నేను కాదు, బడ్ ఎకిన్స్ అని పేరు పెట్టి చెప్పాడు. లక్షల మంది చూసే కార్యక్రమంలో ఒక తార తన డూప్ పేరు చెప్పడం అప్పటికి మామూలు విషయం కాదు. ఇప్పటికీ కాదు. మన పరిశ్రమలో ఒళ్లు విరగ్గొట్టుకున్న ఎందరో ఫైటర్ల పేర్లు నాకు తెలుసు, మీకు తెలియవు. ఆ బాధ నాకు ఎప్పుడూ ఉంటుంది. తరువాతి ఏడాది, 1964లో, మెక్వీన్, ఎకిన్స్ ఇద్దరూ ఒకే అమెరికన్ జట్టులో, తూర్పు జర్మనీలోని ఎర్ఫర్ట్‌లో ఆరు రోజుల పోటీకి వెళ్లారు. తారా డూపూ కాదు, జట్టు సభ్యులుగా.

కొంచెం ముందుకు వద్దాం. 1991 నాటి 'టెర్మినేటర్ 2'. లాస్ ఏంజిల్స్‌లో సిమెంటు వరద కాలువలో, వెనుక నుంచి పెద్ద లారీ తరుముతుంటే ఒక కుర్రాడు చిన్న మట్టి బండి మీద పారిపోతాడు. ఆ సన్నివేశం తలచుకోగానే మీకు వినిపించే శబ్దం ఏది? చెవులు చిల్లులు పడేలా, గొంతు చించుకునే సన్నటి కూత. అది టూ స్ట్రోక్ ఇంజను శబ్దం. మన ఊళ్లలో యమహా ఆర్ఎక్స్ 100 వీధి చివర మలుపు తిరగకముందే ఎవరి బండో చెప్పేసేవాళ్లం, గుర్తుందా? ఆ జాతి శబ్దం. అయితే కుర్రాడు నడిపే బండి హోండా ఎక్స్ఆర్ 100, ఫోర్ స్ట్రోక్. దాని అసలు గొంతు బొంగురుగా, నిదానంగా ఉంటుంది. లారీ గర్జన ముందు అది వినపడదు, వినపడినా భయం పుట్టించదు. శబ్దం చేర్చినవాళ్లు ఒక బండికి మరో బండి గొంతు అతికించారు. బండ్లు తెలిసినవాళ్లు పట్టేస్తారని వాళ్లకు తెలియకుండా ఉండదు. అయినా ప్రాణభయానికి ఆ కూతే సరిపోతుందని ఎంచుకున్నారు. నేను ఒప్పుకుంటాను. అదే కాలువలోకి హార్లీ బండి దూకే షాట్‌లో, బండి బరువును మోసిన తీగలను తరువాత కంప్యూటర్లో ఒక్కొక్క ఫ్రేములో చెరిపేశారు. అప్పటికి అది కొత్త విద్య.

1990ల మధ్యలో వీడియో క్యాసెట్ల ద్వారా వచ్చిన 'క్రస్టీ డీమన్స్ ఆఫ్ డర్ట్' వంటి చిత్రాల గురించి క్లుప్తంగానే చెబుతాను. పందెం లేదు, గీత లేదు, కాలం లెక్కించేవాడు లేడు. కాలిఫోర్నియా ఇసుక దిబ్బల్లో కుర్రాళ్లు దూకుతుంటే తీశారు. ఎక్కువ దెబ్బలు, ఎక్కువ ఆర్భాటం. నాకు అంత రుచించవు. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. పందెం గెలవడానికి కాకుండా కెమెరా కోసమే దూకడం మొదలయ్యాక, గాలిలో బండి మీది నుంచి కాళ్లు చాపడం, చేతులు వదలడం పెరిగి పెరిగి ఫ్రీస్టైల్ మోటోక్రాస్ అనే కొత్త క్రీడగా స్థిరపడింది. సినిమా ఒక ఆటకు పురుడు పోసిన సందర్భాలు అరుదు.

బ్రూస్ బ్రౌన్ కొడుకు డానా బ్రౌన్ 2003లో మెక్సికోలో బాహా 1000 ఎడారి పందెం మీద 'డస్ట్ టు గ్లోరీ' తీశాడు. తండ్రి 24 వోల్టుల బ్యాటరీతో గెంటుకొస్తే, కొడుకు 50కి పైగా కెమెరాలు, నాలుగు హెలికాప్టర్లు దింపాడు. అయినా అసలు చిక్కు మారలేదు. వందల మైళ్ల ఎడారి, ఒక్కసారే జరిగే పందెం, రెండో టేక్ లేదు. సినిమా నిర్మాణంలో భాగస్వామి అయిన మౌస్ మెకాయ్, మామూలుగా జట్టుగా వంతులు వేసుకుని నడిపే దూరమంతా ఒక్కడే బండి నడిపాడు. రాత్రి చీకట్లో అలసిపోయి, కొట్టుకుపోయి, చేతులు తిమ్మిరెక్కి నడుపుతున్న నిర్మాతను ఆయన సొంత కెమెరాలే తీశాయి.

ఇటలీలోని మటేరాలో, 2021లో విడుదలైన జేమ్స్ బాండ్ చిత్రం 'నో టైమ్ టు డై' కోసం బండి గోడ మీదుగా పై వీధిలోకి దూకుతుంది. దూకింది పాల్ ఎడ్మండ్‌సన్, ఎండ్యూరోలో, అంటే మట్టి దారుల్లో సాగే దూరపు పందేల్లో, నాలుగుసార్లు ప్రపంచ విజేత. శతాబ్దాల పాటు జనం నడిచి నడిచి అరిగి అద్దంలా నునుపెక్కిన రాళ్ల వీధులు అవి. టైరు నిలవదు. స్టంట్ బృందం వేల లీటర్ల కోకా కోలా తెచ్చి ఆ రాళ్ల మీద పోసింది. ఎండకు నీరు ఆవిరై, పాకం మిగిలి జిగురు పట్టింది, టైరుకు పట్టు దొరికింది. జిలేబీ పాకం వేలికి అంటుకుంటే ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు కదా, అదే సూత్రం. కడిగేస్తే పోతుంది, పాత రాళ్లకు హాని లేదు. మా మెకానిక్ ట్యూబు ముక్కకు దీన్ని నేను చుట్టం అనుకుంటాను.

తరువాత టామ్ క్రూజ్. 2023లో వచ్చిన 'మిషన్ ఇంపాసిబుల్' చిత్రంలో నార్వేలోని హెల్సెట్‌కోపెన్ కొండ అంచు నుంచి బండితో గాలిలోకి దూకి, బండిని వదిలేసి, పారాచూట్ తెరుస్తాడు. చిత్ర బృందం విడుదల చేసిన వివరాల ప్రకారం దానికి ముందు అతను 500కు పైగా స్కైడైవ్‌లు, 13,000కు పైగా మోటోక్రాస్ దూకులు సాధన చేశాడు. 2020 సెప్టెంబరులో, ప్రధాన చిత్రీకరణ మొదటి రోజునే దాన్ని తీశారు. సినిమా సగం అయ్యాక ప్రమాదం జరిగితే అంతా ఆగిపోతుంది, జరగాల్సింది ముందే తేలిపోవాలన్నది లెక్క. ఒకే రోజు ఆరుసార్లు దూకాడు. నన్ను కదిలించింది ఈ అంకెలు కాదు. బండి మీద స్పీడోమీటరు లేదని, ఎంత వేగంలో ఉన్నాడో ఇంజను శబ్దం విని, బండి తీరు ఒంటికి తెలిసిన దాన్నిబట్టి అంచనా వేసుకున్నానని అతను చెప్పాడు. కొండ అంచున ప్రాణం చెవి మీద ఆధారపడింది. 13,000 దూకులు నేర్పింది ఆ వినికిడినే. ఇది నటన కోసం నేర్చుకున్న విద్య అయినా, నేర్చుకున్న తీరు మాత్రం నటుడిది కాదు, పందెగాడిది.

ఆస్ట్రేలియా మోటోక్రాస్ ఆటగాడు రాబీ మాడిసన్ 2012లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం 'స్కైఫాల్' కోసం ఇస్తాంబుల్ పాత బజారు కప్పుల మీద బండి నడిపినవాళ్లలో ఒకడు. అతనే 2015లో ఒక చిన్న చిత్రంలో, తాహితీ దీవిలో, మట్టి బండికి అడుగున పలకలు బిగించి సముద్రపు అల మీద నడిపాడు. నిజమైన బండి, నిజమైన అల. సాధనలో ఆ బండి ఎన్నోసార్లు నీట మునిగింది, తీసి ఆరబెట్టి, విప్పి, మళ్లీ బిగించారు. సముద్రం నుంచి మట్టికి వచ్చినవాడు బ్రౌన్. మట్టి నుంచి సముద్రానికి వెళ్లినవాడు మాడిసన్. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటం నాకు ఇష్టం, ఎందుకంటే మనం చూడబోయే సినిమా ముగిసేది కూడా సముద్రం ఒడ్డునే.

ఆ ఒడ్డు గురించి చెప్పి ఆపుతాను. కాలిఫోర్నియాలో క్యాంప్ పెండిల్టన్ అని మెరైన్ సైనిక స్థావరం ఉంది. మైళ్ల కొద్దీ ఖాళీ తీరం, బయటివాళ్లకు ప్రవేశం లేదు. ఆఖరి సన్నివేశం అక్కడ తీయాలని బ్రౌన్ కోరిక. అనుమతి వస్తుందన్న ఆశ అతనికి లేదు. మెక్వీన్ పూనుకున్నాడు, అనుమతి వచ్చింది. ముగ్గురూ బండ్లతో తీరానికి వెళ్లారు. పందెం లేదు, కంచె లేదు, వేగం కొలిచేవాడు లేడు. తడి ఇసుక మీద, అలల అంచున, సాయంత్రపు ఎండలో ముగ్గురు మిత్రులు చిన్నపిల్లల్లా ఆడుకుంటుంటే, అలలను తీయడంలో ఆరితేరినవాడు కెమెరా వెనుక కూర్చున్నాడు. సినిమా ఆ ఏడాది ఉత్తమ డాక్యుమెంటరీ ఆస్కార్ పోటీకి నామినేట్ అయింది.

మెక్వీన్ 1980లో వెళ్లిపోయాడు. ఎకిన్స్ 2007లో, బ్రౌన్ 2017లో, మాల్కమ్ స్మిత్ 2024లో. సినిమా వ్యాఖ్యానం బ్రౌన్ సొంత గొంతులోనే ఉంటుంది, మీరు ఇప్పుడు వింటారు.

ఒక్క కోరిక. స్లో మోషన్ దృశ్యం మొదటిసారి వచ్చినప్పుడు బండిని కాకుండా నడిపేవాడి మోకాళ్లను చూడండి. ఆపరేటర్ గారూ, దీపాలు ఆర్పండి.